ఫోన్‌లో బాగున్న ఫొటో ఫ్లెక్సీ మీద ఎందుకు మసకబారుతుంది? పిక్సెళ్లను అంగుళాల్లోకి మార్చే లెక్క ఇదే!

ఇంట్లో పెద్దాయన కాలం చేశారు. దశదిన కర్మకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేయించాలి. హడావుడిలో చేతికి దొరికింది ఆయన వాట్సాప్ డీపీ ఒక్కటే. ఫోన్‌లో చూస్తే ముఖం చక్కగానే ఉంది. తీరా ఫ్లెక్సీ కట్టాక దగ్గరికెళ్లి చూస్తే కళ్లు, మీసం అన్నీ గళ్లు గళ్లుగా కలిసిపోయాయి. ఇలాంటి అనుభవం చాలా ఇళ్లలో ఉండే ఉంటుంది. తప్పు షాపువాళ్లదా, మెషిన్‌దా అంటే.. చాలాసార్లు రెండూ కాదు. పిక్సెళ్లకు, అంగుళాలకు మధ్య ఉన్న చిన్న లెక్క ఎవరూ చూసుకోకపోవడమే అసలు కారణం.

పిక్సెల్‌కు సొంత సైజు లేదు

డిజిటల్ ఫొటో అంటే చిన్న చిన్న రంగు చుక్కల వరుసలు. ఆ చుక్కే పిక్సెల్. అది ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుందని అడిగితే జవాబు లేదు. ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు సర్దుతున్నామనే దాన్ని బట్టే దాని సైజు తేలుతుంది. ఆ సంఖ్యనే పీపీఐ అంటారు. మన ప్రింటింగ్ షాపుల్లో వాడుక మాట మాత్రం డీపీఐ.

సూత్రం ఒక్కటే. పిక్సెళ్లను పీపీఐతో భాగిస్తే అంగుళాలు వస్తాయి. దాన్ని 2.54తో గుణిస్తే సెంటీమీటర్లు. 1920×1080 పిక్సెళ్ల ఫొటోను 300 పీపీఐతో ప్రింట్ చేస్తే 6.4×3.6 అంగుళాలు వస్తుంది. అదే ఫొటోను 72తో వేస్తే దాదాపు 26.7×15 అంగుళాలు. ఫైల్ మారలేదు, పిక్సెళ్లు పెరగలేదు. చుక్కల్ని దూరం దూరంగా పరిచారంతే.

మరి ఫోన్‌లో అంత బాగా ఎందుకు కనిపించింది? ఇప్పటి ఫోన్ స్క్రీన్లలో చాలావాటికి అంగుళానికి 400 దాకా పిక్సెళ్లు ఉంటున్నాయి. చిన్న ఫొటో కూడా అక్కడ దగ్గరగా సర్దుకుని పదునుగా కనిపిస్తుంది. ఫోన్‌లో చూసి క్వాలిటీ తేల్చేయడం మోసపోవడమే!

ఆన్‌లైన్ కన్వర్టర్లతో మరో తిరకాసు ఉంది. 1000 పిక్సెళ్లంటే ఎంత అని అడిగితే ఒకటి 13.9 అంగుళాలంటుంది, ఇంకోటి 10.4, మరోటి 3.3 అంటుంది. మూడూ కరెక్టే. మొదటిది 72 తీసుకుంది. 1984 నాటి మెకింతోష్ స్క్రీన్ నుంచి వచ్చిన అలవాటది. రెండోది వెబ్ పేజీల డిజైన్‌లో వాడే 96. మూడోది ప్రింటింగ్‌వాళ్ల 300. కాబట్టి కన్వర్టర్‌లో ముందు చూడాల్సింది పీపీఐ గడి.

అన్నింటికీ 300 అక్కర్లేదు

చేతిలో పట్టుకుని చూసే పెళ్లిపత్రిక, పాంప్లెట్, ఫొటోలకు 300 పెట్టడం ప్రింటింగ్‌లో మామూలు. అడుగు దూరం నుంచి మామూలు చూపు అంతకన్నా సన్నని చుక్కల్ని దాదాపు విడదీయలేదు. దూరం పెరిగేకొద్దీ ఆ అవసరం తగ్గుతుంది. దీనికీ ఓ లెక్క ఉంది. చూసే దూరాన్ని అంగుళాల్లో తీసుకుని, 3,438ని దాంతో భాగించాలి. పదడుగుల దూరమంటే 120 అంగుళాలు. అంటే సుమారు 29 పీపీఐ ఉన్నా కంటికి తేడా తెలియదు. మూడడుగుల దూరానికైతే 95 కావాలి.

ఇది తెలియక ఫ్లెక్సీకి కూడా 300 పెట్టమని పట్టుబట్టేవాళ్లుంటారు. 10×8 అడుగుల ఫ్లెక్సీకి 300 అంటే 36,000×28,800.. అంటే 103 కోట్లకు పైగా పిక్సెళ్లు! మామూలు పీఎస్‌డీ ఫైల్‌లో ఒక వైపు 30,000 పిక్సెళ్లు దాటకూడదు. అందులో ఇది పట్టనే పట్టదు. అదే ఫ్లెక్సీని 40 పీపీఐతో చేస్తే 4800×3840 సరిపోతుంది.

ఇప్పుడు పెద్దాయన ఫొటో సంగతికి వద్దాం. 640×640 పిక్సెళ్ల డీపీని మూడడుగుల వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి 18 పిక్సెళ్లు కూడా రావు. 16 అడుగుల అవతలి నుంచి చూస్తే ఫర్వాలేదు. దండ వేయడానికి దగ్గరికొచ్చిన వాళ్లకు మాత్రం గళ్లే కనిపిస్తాయి.

దారి లేకపోలేదు. ఆల్బమ్‌లో 4×6 అంగుళాల పాత ఫొటో ఉంటే 600 డీపీఐతో స్కాన్ చేయించాలి. 2400×3600 పిక్సెళ్లు చేతికొస్తాయి. అదే మూడడుగుల వెడల్పులో అంగుళానికి 66 పైనే పడతాయి. ప్రింట్‌లోనే లేని వివరాన్ని స్కానర్ తేలేదు కాబట్టి, డీపీఐ ఇంకా పెంచితే ఫైల్ బరువెక్కడమే తప్ప పెద్దగా లాభం ఉండదు. ఏఐ యాప్‌లు పిక్సెళ్లను పెంచుతాయి గానీ, లేని చోట ఊహించి నింపుతాయి. ముఖం పదునెక్కుతుంది.. కానీ ఇంట్లోవాళ్లకు అది వేరే మనిషిలా అనిపించే ప్రమాదమూ ఉంది.

ఒరిజినల్ దొరికాక దాన్ని షాపుకు పంపడంలోనూ జాగ్రత్త కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఫొటోషాప్‌లో 72ను 300గా మార్చినంత మాత్రాన క్వాలిటీ రాదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. 'ఇమేజ్ సైజ్' విండోలో 'రీశాంపుల్' టిక్ తీసేసి 300 కొడితే, ఉన్న పిక్సెళ్లకు అసలు ఎన్ని అంగుళాలు వస్తాయో అక్కడే కనిపిస్తుంది. పేరు, తేదీల్లాంటి అక్షరాలను మాత్రం కోరల్‌డ్రాలాంటి వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో చేయిస్తే మంచిది. వాటికి పిక్సెళ్ల గొడవే లేదు, ఎంత పెంచినా అంచులు చెదరవు.

పెళ్లిపత్రిక, పాస్‌పోర్ట్ ఫొటోలకు ఎంత?

5×7 అంగుళాల పత్రికకు 1500×2100 పిక్సెళ్లు కావాలి. రంగు అంచుదాకా ఉంటే కటింగ్ కోసం ప్రతి వైపూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. అంటే వైపుకు 35 పిక్సెళ్లు. ఇది మర్చిపోతే అంచున తెల్ల గీత పడొచ్చు. అప్పటికి పత్రికలన్నీ అచ్చయి ఉంటాయి!

మిల్లీమీటర్లలో సైజు చెబితే 25.4తో భాగించి 300తో గుణించాలి. 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్ట్ సైజు ఫొటో 413×531 పిక్సెళ్లు అవుతుంది. ఏ4 కాగితమైతే 2480×3508. అమెరికా వీసాకు అడిగే 2×2 అంగుళాల ఫొటోకు 600×600 వస్తుంది. ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసే వీసా ఫొటోకు కనీస సైజు కూడా అదే. అంతకన్నా చిన్న ఫొటోను సాగదీసి 600 చేసే బదులు, ఇంకోసారి స్టూడియోకు వెళ్లి తీయించుకోవడమే నయం.