గోధుమ విడిచినవారి విస్తరి

నంద్యాలకు చేరువనున్న గోస్పాడు ప్రాంతమున నేల నల్లనిది. కర్నూలు-కడప కాలువ నీరు పారినచోట వరియు, పారనిచోట జొన్నయు సెనగయు అచ్చటి పాత పంటలు. గోధుమ ఆ నేలకు చుట్టపుచూపుగా వచ్చినదే. అయినను నేడు గోధుమ చేరని పూట ఏ యింటను అరుదు. ఉదయమున ఉప్మారవ్వ, పిల్లలకు బిస్కత్తు, జ్వరము తగిలినవారికి బ్రెడ్డు, చక్కెరవ్యాధి గలవారికి రాత్రి చపాతి.

ఎక్కువమందికి ఇందువలన కీడు లేదు. కాని కొందరి పేగులకు గోధుమలోని జిగురు సరిపడదు. గోధుమ, బార్లీ, రై ధాన్యములలో ఉండు ఈ జిగురునకే గ్లూటెన్ అని పేరు. అది కడుపులోనికి పోయినప్పుడెల్ల, వారి శరీరము తన చిన్నపేగు లోపొరను తానే దెబ్బతీసికొనును. తిన్నది ఒంటబట్టదు. బిడ్డ యెదుగడు, విరేచనములు, ఉబ్బరము, రక్తహీనత వెంటాడుచుండును. ఇది సీలియాక్ వ్యాధి. 1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ దీనిని వర్ణించి, నయమగుటకు దారి ఆహారములోనే యున్నదనెను. కాని విడువవలసినది గోధుమయని ఆయనకు తెలియలేదు. దానిని నిలబెట్టినవాడు డచ్చి పిల్లల వైద్యుడు విల్లెమ్ డికీ. 1944-45 శీతకాలపు కరవులో హాలెండున రొట్టె కరవై జనమెల్ల అలమటించుచుండగా, ఈ రోగపు పిల్లలు మాత్రము తేరుకొనిరి. రొట్టె తిరిగి రాగానే మరల క్షీణించిరి. అంతకుముందే గోధుమను శంకించియున్న డికీకి అది రూఢియయ్యెను. 1950లో తన సిద్ధాంతవ్యాసమున దానిని ప్రకటించెను.

మనదేశమున 2016లో వెలువడిన యొక పరిశీలనలో ఈ వ్యాధిని సూచించు రక్తలక్షణములు ఉత్తరాదిన నూటికి 1.23 మందిలోను, దక్షిణాదిన 0.10 మందిలోను కనబడినవి. అరుదగుటయే ఇచ్చట చిక్కు. నులిపురుగులని కొన్నాళ్లు, దిష్టియని కొన్నాళ్లు గడచి బిడ్డ వాడిపోవును. అనుమానము కలిగినచో గోధుమ మానకమునుపే రక్తపరీక్ష చేయింపవలెను. ముందుగా మానినచో పరీక్షలో వ్యాధి దాగిపోవచ్చును.

వ్యాధి తేలినపిమ్మట మిగులునది వంటింటి ప్రశ్న. వరియన్నము నిరపాయమే. కాని రొట్టె మరగిన నాలుకకు రెండుపూటల అన్నము చాలదు. బిడ్డ ప్రక్కవాని పళ్లెమువంక చూచుచుండును. పట్టణపు అంగళ్లలో గ్లూటెన్ లేని పిండిపొట్లములు దొరకును గాని, వాని వెల సామాన్యుని సంచికి మించినది. ఈ బాధకు మందు నల్లరేగడిలోనే యున్నది. జొన్నలో ఆ జిగురు లేదు.

అందుకే జొన్నరొట్టెకు నేర్పు వలయును. గోధుమపిండి తడిసినప్పుడు జిగురు సాగి పిండిని పట్టియుంచును. కర్రతో ఎంత పలుచగా ఒత్తినను చిరుగదు. జొన్నపిండిని చన్నీట కలిపి అట్లే ఒత్తజూచినచో, పెనము చేరులోపలనే ముక్కలగును. కర్మాగారములవారు ఈ లోటు పూడ్చుటకు రకరకముల బంకలు కలుపుచున్నారు. రాయలసీమ యిల్లాలికి మరుగునీరు చాలును. ఎసరు తెర్లునప్పుడు ఉప్పువేసి, పిండి పోసి, తెడ్డుతో కలిపి, చేయి ఓర్చుకొనగలిగినంత వేడిలోనే అరచేతి మొదలుతో గట్టిగా రుద్దును. ఆ వేడికి పిండిలోని గంజి ఉడికి తానే జిగురగును. పొడిపిండి చల్లిన పీటపై ముద్ద నుంచి, తట్టుచు త్రిప్పుచు పలుచన చేయును. పెనముపై వేసినపిమ్మట పైముఖమునకు తడిగుడ్డతో నీరు పూసి, అది ఆరగానే తిరుగవేయును. కడపట నిప్పులపై చూపగా రొట్టె పొంగును. పిండి మాత్రము క్రొత్తగా విసరినదై యుండవలెను. నిలువపిండి ఎంత రుద్దినను పగులును. వంకాయకూరయో, ఉల్లికారమో, అచ్చటివారు బుడ్డలని పిలుచు వేరుసెనగల పొడియో తోడైనచో, చపాతి జ్ఞప్తికి వచ్చుట కష్టము.

పల్నాటి జొన్నకూటిని శ్రీనాథుడు ఎగతాళి చేసెనని చాటువులు చెప్పుచున్నవి. సన్నన్నము తిన్న మహాకవికి అది చెల్లినది. ఆ చిన్నచూపు మనకెందులకు అంటుకొన్నదో గాని, చుట్టము వచ్చినపూట జొన్నరొట్టె పెట్టుటకు సిగ్గుపడిన యిండ్లు కలవు. నేడు ఆ రొట్టెనే హోటళ్లలో వెలయిచ్చి తినుచున్నారు!

1906లో నంద్యాలలో వెలసిన వ్యవసాయ పరిశోధనాస్థానము ఈ పంటలను చిన్నచూపు చూడలేదు. నంద్యాల తెల్లజొన్న రకములు అచ్చటివే. అచ్చటి కొర్రరకములలో నొకదానికి నవనందులలోని సూర్యనంది పేరు పెట్టిరి. కొర్రబియ్యమును కొన్నిగంటలు నానబెట్టి, రెండింతలకు మించిన నీట సన్నసెగపై ఉడికించి, మూతవేసి మగ్గనిచ్చినచో అన్నము పొడిపొడిగా నుండును. తొందరించినచో పలుకు మిగులును.

ఏ ధాన్యమును కూడదని వైద్యుడు చెప్పినవారి సంగతి వేరు. వారికి జొన్నకొర్రలును నిషిద్ధములే. ఏకాదశినాడు ధాన్యము ముట్టని యిండ్లలో దుంపలు, పాలు, పండ్లతో పూట గడపుట పాత వాడుకయే గాని, నిత్యమునకు అది చాలదు. అట్టివారిని ఆదుకొనునవి పప్పుదినుసులు. పెసరట్టులో బియ్యము కలుపుట కరకరకే. అది లేకున్నను అట్టు విరుగదు. శీతకాలపు మంచుకే పండు సెనగ ఈ ప్రాంతపు ప్రధానమైన పైరు. యంత్రముతో కోయుటకు వీలుగా ఎత్తు పెరుగు ‘ధీర’ యను రకము నంద్యాల స్థానమువారిదే. సెనగపిండిని పలుచగా కలిపి అట్టు పోయవచ్చును. పప్పునే నమ్మినచో కడుపుబ్బరించును గనుక కందయో, చిలగడదుంపయో జతపరచుట మంచిది.

గోధుమ విడిచితిమని తలచినవారికిని అది చాటుగా ఎదురగుచుండును. అంగడిలోని ఇంగువపొడిలో తరచు మైదా కలిసియుండును. పొట్లముపై చదివి కొనవలెను. పిండిమర మరింత మోసకారి. గ్లూటెన్ లేనిదని చెప్పు ఆహారమున అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మనదేశపు నిబంధన. గోధుమ ఆడిన మరలోనే జొన్నలు పోసినచో, రాళ్లనడుమ చిక్కిన పిండియే ఆ హద్దును దాటింపగలదు. ఇట్టి బిడ్డ గల యింట చపాతిపెనము వేరు, రొట్టెపెనము వేరుగా నుండవలెను. అటుకపై మూలబడిన తిరుగలిని దించి, శుభ్రముగా కడిగి యారబెట్టి, వారమునకు సరిపడు జొన్నలు ఇంటనే విసరుకొనవలెను.