ఖీమాను చలియందు నిలువజేయు విధము

ఆదివారమునాడు తెచ్చిన ఖీమాలో సగము వండి, తక్కిన సగమును ఫ్రీజరులో నుంచుట నేడు పెక్కు గృహములలో వాడుకయైనది. ఇది మంచి పొదుపు. పనిదినములలో తల్లికి శ్రమ తగ్గును. బిడ్డలకు వేళకు భోజనము దొరకును. కాని యిందు రెండు పొరపాట్లు తఱచుగా జరుగుచుండును. ఒకటి, ఖీమానంతయు నొకే ముద్దగా గడ్డకట్టించుట. రెండవది, ఆ గడ్డను ఉదయమున వంటింటి గట్టుమీద నుంచి మధ్యాహ్నము వఱకు కరగనిచ్చుట. ఇవి యేల కూడవో తెలిసినచో సరియైన పద్ధతి సులభముగా బోధపడును.

మాంసపుముక్కలో సూక్ష్మజీవులు చాలవఱకు పైభాగమున నుండును. వండునపుడు మొదట వేడి తగులునది ఆ పైభాగమునకే. ఖీమా సంగతి యట్లు కాదు. యంత్రములో త్రిప్పినప్పుడు పైనున్నది లోనికి పోయి, సూక్ష్మజీవులు ముద్దయంతటను వ్యాపించును. కావున ఖీమా త్వరగా చెడును. రెఫ్రిజిరేటరులోనైనను ఒకటి రెండు దినములకు మించి యుంచరాదు.

ఫ్రీజరులో సున్నకు దిగువ 18 సెంటిగ్రేడు డిగ్రీల చలి యున్నచో సూక్ష్మజీవులు పెరుగవు. కాని యన్నియు చావవు, పెక్కు నిద్రించియుండును. వెచ్చదనము సోకగానే మేలుకొనును. 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ అవి శీఘ్రముగా వృద్ధిచెందును. అనుకూలించినచో కొన్ని జాతులు 20 నిమిషముల కొకసారి రెట్టింపగును. అనగా ఒకటి మూడు గంటలలో 512 అగును. గట్టుమీది గడ్డ నడుమ ఱాయివలె నుండగనే దాని అంచులు వెచ్చబడియుండును. వండినచో నవి చచ్చును గదా యనరాదు. కొన్ని జాతులు విడిచిన విషము ఉడికించినను నశింపదు.

ఇక మొదటి పొరపాటును చూతము. అమెరికా దేశీయుడగు క్లారెన్స్ బర్డ్స్‌ఐ 1912 మొదలు కొన్ని సంవత్సరములు, నేడు కెనడాలో చేరియున్న లాబ్రడారులో నివసించెను. అచ్చటి తీవ్రమైన చలిలో పట్టిన చేపలు వెంటనే గడ్డకట్టుటయు, పిదప వండినప్పుడు తాజా రుచి నిచ్చుటయు నతడు గమనించెను. మెల్లగా గడ్డకట్టిన మాంసములో పెద్ద మంచుపలుకు లేర్పడి కణములను చీల్చును. కరగినపుడు రసము కారిపోవును. త్వరగా గడ్డకట్టినచో పలుకులు చిన్నవై నష్టము తగ్గును. ఈ సూత్రముపై నతడు యంత్రములు నిర్మించెను. 1930లో మసాచుసెట్సులోని స్ప్రింగ్‌ఫీల్డు నగరపు టంగళ్ళలో నతని ఆహారపదార్థములు అమ్మకమునకు వచ్చెను.

మనకు యంత్రము లేకున్నను సూత్రము నవలంబింపవచ్చును. ఖీమాను పూటకు చాలునంత చొప్పున విభజించి, గట్టి సంచులలో వ్రేలిమందమున పలుచగా నదిమి, గాలి వెడలగొట్టి, మూతికట్టి, తేది వ్రాసి, పళ్ళెముపై పరచి ఫ్రీజరులో నుంచవలెను. లోపల గాలి మిగిలినచో మాంసము ఎండి రుచి చెడును. మూడు నాలుగు మాసములలో వాడుకొనుట మేలు.

వండుటకు ముందురాత్రి సంచిని తీసి, గిన్నెలో నుంచి, రెఫ్రిజిరేటరు క్రిందియరలో పెట్టుట ఉత్తమము. తొందరయైనచో నీరు చొరని సంచిని చన్నీటిలో ముంచి, అరగంట కొకసారి నీరు మార్చవలెను. వేసవిలో కుళాయినీరు వెచ్చగా నుండును గనుక మంచుముక్కలు వేయవలెను. ఇట్లు కరగించినదానిని వెంటనే వండవలెను. కూరయైనను కట్లెట్టులైనను నడుమభాగమునకు 71 డిగ్రీల వేడి చేరవలెను.

కరెంటు పోయినప్పుడు ఫ్రీజరు తలుపు తెరవరాదు. ఖీమాలో మంచుపలుకు లింకను మిగిలియున్నచో మరల గడ్డకట్టింపవచ్చును. కరగి వెచ్చబడినదానిని పారవేయవలెను. ధరపెట్టి కొన్నదానిని పారవేయుటకు మనసొప్పదు, నిజమే. కాని చెడిన మాంసమువలన ముందుగా బాధపడువారు పసిబిడ్డలును వృద్ధులును. వారి ఆరోగ్యమునకు వెల కట్టలేము.