వెతకనివాళ్ళ చెవిన కూడా పడాలి

మా వీధిలో ఒక తమ్ముడున్నాడు. ఎవరింట్లో మిక్సీ ఆగిపోయినా వాడి దగ్గరికే వస్తుంది. పది పాసయ్యాడు కదా, ఐటీఐలో చేరలేదేంరా అని అడిగితే, "అది ఫెయిలైనవాళ్ళకి కదా అన్నా" అన్నాడు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్ళేననీ, సైన్సు, లెక్కలతో పది పాసైతే చేరొచ్చనీ వాడికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళమ్మకి అసలే తెలీదు.

నోటిఫికేషన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, పేపర్లో ఓ మూల పడుతుంది. కానీ వెతికేవాడికే దొరుకుతుంది. రేడియో అలా కాదు. వంట చేస్తూ, మిషను కుడుతూ, ఆటో నడుపుతూ వినొచ్చు. చదవడం రాకపోయినా, ఫోన్‌లో డేటా లేకపోయినా పర్లేదు.

అయితే ఏ రేడియో? రాష్ట్రమంతటికీ మాట్లాడే స్టేషన్ మన మండలంలో ఏ ట్రేడ్ ఉందో చెప్పలేదు. కమ్యూనిటీ రేడియో చెప్పగలదు. మామూలుగా దానికి 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, 30 మీటర్లు మించని యాంటెన్నా. ఈసీఈ వాళ్ళు నవ్వుతారేమో గానీ, ఆ చిన్న పరిధే దాని బలం. వినేవాళ్ళందరూ దాదాపు ఒకే బస్సెక్కి ఒకే ఐటీఐకి వెళ్ళగలిగినవాళ్ళు.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న మొదలైన సంగం రేడియోనే చూడండి. దళిత మహిళలే నడిపిస్తారు. విత్తనాలు, పంటలు, ఆరోగ్యం గురించి తమ యాసలోనే మాట్లాడతారు. చెప్పేది మనూరి మనిషే అనిపిస్తే వినేవాళ్ళకి నమ్మకం కుదురుతుంది. వృత్తి శిక్షణ గురించి చెప్పాలన్నా ఇదే దారి.

"యువత నైపుణ్యాలు పెంపొందించుకోవాలి" అని చదివితే స్టేషన్ మార్చేస్తారు. దాని బదులు వారానికో ట్రేడ్ తీసుకోండి. ముందు వర్క్‌షాప్ చప్పుడు వినిపించండి. తర్వాత అక్కడ నేర్చుకుని పనిచేస్తున్న ఒకరిని మాట్లాడించండి. ఒక అమ్మాయి "నేను ఫిట్టర్‌ని" అంటే, పది ఉపన్యాసాలకన్నా ఎక్కువ. ఫీజెంత, హాస్టల్ ఉందా, మొదటి జీతం ఎంత వచ్చింది, ఏం కష్టమనిపించింది, అన్నీ దాచకుండా అడగండి. ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం అనకండి. ఒక్కడు మోసపోయినా ఊరంతా వినడం మానేస్తుంది. చివరి తేదీ, తీసుకెళ్ళాల్సిన కాగితాలు నెమ్మదిగా రెండుసార్లు చెప్పండి. అమ్మానాన్నలు ఇంట్లో ఉండే రాత్రివేళ ప్రసారం చేయండి, ఎందుకంటే చాలా ఇళ్ళలో నిర్ణయం వాళ్ళదే.

కమ్యూనిటీ రేడియో లైసెన్సుకి మనలాంటి కాలేజీలు కూడా అప్లై చేసుకోవచ్చు. అంతవరకూ ఆగక్కర్లేదు. ఫోన్‌లో ఒక ఇంటర్వ్యూ రికార్డు చేసి దగ్గర్లోని స్టేషన్‌కి ఇచ్చి చూడొచ్చు.

మా తమ్ముడు ఇప్పుడు ఇష్టం లేని ఇంటర్ గ్రూప్‌లో కూర్చున్నాడు. వచ్చే ఏడు ఇంకొకడు కూర్చోకుండా ఉండాలంటే, ఎవరో ఒకరు వాళ్ళమ్మకి వినపడేలా చెప్పాలి.