పైపూతకూ మోతాదు ఉంది

నొప్పి మాత్ర వేసుకుంటే కడుపులో మంట వస్తుందేమోనని భయపడేవాళ్లు కూడా నొప్పి జెల్ రాసుకోవడానికి వెనకాడరు. పైపూతే కదా, ఎంత రాస్తే ఏమవుతుందన్న ధీమా. మాత్రతో పోలిస్తే జెల్‌తో ప్రమాదం తక్కువన్న మాట నిజమే. అయితే అది సరిగ్గా వాడినప్పటి మాట. జెల్ కూడా మందే. దానికీ మోతాదు ఉంది, గడువు ఉంది, పడనివాళ్లున్నారు.

మన మందుల షాపుల్లో దొరికే నొప్పి జెల్‌లలో చాలావాటిలో ఉండే అసలు మందు డైక్లోఫెనాక్. కండరం పట్టేసినా, కీలు అరిగినా ఆ చోట ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఎక్కువగా తయారై వాపునూ నొప్పినీ పెంచుతాయి. డైక్లోఫెనాక్ వాటి తయారీని అడ్డుకుంటుంది. కానీ కడుపు లోపలి పొరను కాపాడేదీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేదీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర వేసుకుంటే మందు ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి అక్కడా దెబ్బ తగులుతుంది.

జెల్‌తో రక్తంలోకి చేరేది కొంచెమే. 1 శాతం జెల్‌ను ఒక మోకాలికి రోజుకు 16 గ్రాములు రాసినప్పుడు రక్తంలో చేరిన మందు, 50 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు మూడు మింగినప్పటి దాంట్లో సుమారు 6 శాతమే. అదే రెండు మోకాళ్లకూ రెండు చేతులకూ కలిపి 48 గ్రాములు రాసేసరికి 20 శాతానికి పెరిగింది. రాసే చోటు పెరిగేకొద్దీ లోపలికి వెళ్లే మందూ పెరుగుతుంది.

అందుకే అమెరికాలో ఈ 1 శాతం జెల్‌కు కచ్చితమైన కొలత పెట్టారు. మోకాలు, చీలమండ, పాదాల్లో ఒక్కో చోటికి పూటకు 4 గ్రాములు; చేయి, మణికట్టు, మోచేతుల్లో ఒక్కో చోటికి 2 గ్రాములు; రోజుకు నాలుగు సార్లు. ఒళ్లంతటికీ కలిపి రోజుకు 32 గ్రాములు దాటకూడదు. రెండు మోకాళ్లకు పూర్తి మోతాదు రాస్తేనే ఆ 32 గ్రాములూ అయిపోతాయి. మన దగ్గర మామూలుగా అమ్మే 30 గ్రాముల ట్యూబు ఆ లెక్కన ఒక్కరోజుకు కూడా చాలదు! మన జెల్‌లలో వేరే మందులూ కలుస్తాయి కాబట్టి ఈ కొలతను యథాతథంగా పాటించకూడదు. మీ ట్యూబుతో వచ్చిన కాగితం చూడండి, లేదా డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి.

ఒకసారి ట్యూబు వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదవండి. డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం, అవిసె నూనె 3 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం అని చాలావాటి మీద కనిపిస్తుంది. రాయగానే చల్లగా తగిలి, ఆ తర్వాత చురచురలాడేది చివరి రెండింటి వల్ల. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం లాంటి బామ్‌లు ఇచ్చే ఉపశమనం ఇలాంటిదే. ఆ మంట మన ధ్యాసను నొప్పి మీది నుంచి మళ్లిస్తుంది. డైక్లోఫెనాక్ మాత్రం మంట పుట్టించదు, నెమ్మదిగా పనిచేస్తుంది. కీళ్ల అరుగుదలలో గుణం కనిపించడానికి వారం దాకా పట్టవచ్చు. కాబట్టి చురుక్కుమనలేదని మళ్లీ మళ్లీ రుద్దకండి.

ఆ మంట మీద వేడినీళ్ల సంచితో కాపడం పెడితే చర్మం కాలే ప్రమాదం ఉంది. రాసిన చోట గట్టిగా కట్టు కట్టకూడదు, ఎండ తగలనివ్వకూడదు. గాయం, పుండు, గజ్జి ఉన్నచోట రాయకూడదు. రాశాక పది నిమిషాలు ఆరనిచ్చి బట్టలు వేసుకోండి. రాసిన చోటును గంటసేపు తడపకండి. చేతులు మాత్రం వెంటనే కడుక్కోవాలి, నొప్పి చేతులకే అయితే గంట ఆగాలి. కళ్లకు తగలనివ్వకండి. ట్యూబు పిల్లలకు అందని చోట పెట్టండి. మిథైల్ సాలిసిలేట్ కడుపులోకి వెళితే విషం.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు పొద్దున నొప్పి మాత్ర మింగి, సాయంత్రం జెల్ రాసుకోవడం. రెండూ ఒకే జాతి మందులు, దుష్ఫలితాలు కలిసిపోతాయి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చేవారు, గర్భిణులు, ముఖ్యంగా 20 వారాలు దాటినవారు డాక్టరును అడగకుండా జెల్ ముట్టుకోవద్దు. దద్దుర్లు, బొబ్బలు, ఆయాసం, నల్లటి విరేచనం కనిపిస్తే వెంటనే ఆపేసి వైద్యుణ్ని కలవాలి.

చర్మానికి దగ్గరగా ఉండే మోకాలు, చేతివేళ్ల కీళ్ల మీద జెల్ బాగా పనిచేస్తుంది. తుంటి కీలు చాలా లోతున ఉంటుంది, అక్కడిదాకా మందు చేరడం కష్టం. వారం రాసినా తగ్గకపోతే కారణం వెతకాలి తప్ప ఇంకో ట్యూబు కొనకూడదు. తగ్గుతున్నా డాక్టరు చెప్పకుండా 21 రోజులకు మించి వాడకూడదు. కీలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, పడ్డాక కాలు మోపలేకపోయినా మొదటిరోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే బీపీ, షుగరు మాత్రల పేర్లు చెప్పి ఊరుకుంటాం. ఈసారి జెల్ పేరు కూడా చెప్పండి. రోజుకు ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ రాస్తున్నారో కూడా చెప్పండి.