అమ్మమ్మ కాళ్లు, ఫ్రాన్సు క్రీము

మా అమ్మమ్మ రాత్రిళ్లు సరిగా నిద్రపోవడం లేదని మొన్న సంక్రాంతి సెలవుల్లో తెలిసింది. ఆవిడకి డెబ్బై ఒక్క ఏళ్లు. పగలంతా బాగానే తిరుగుతుంది. లైటు ఆర్పి పడుకోగానే మోకాళ్ల కింద దురద మొదలవుతుంది. "ముసలి వొళ్లు, దీనికేం మందే అమ్మడూ" అని కొట్టిపారేసేది. ఒకరోజు తెల్లారి చూస్తే దుప్పటి మీద నెత్తురు చుక్కలు! పిక్కల నిండా గీరుకున్న చారలు. చర్మం మీద గోటితో గీస్తే, పలక మీద బలపంతో గీసినట్టు తెల్లటి గీత పడుతోంది.

ఇంట్లో క్రీము లేక కాదు. మన యానాంలో చాలా ఇళ్లకు ఉన్నట్టే మాకూ ఫ్రాన్సులో చుట్టాలున్నారు. వాళ్లు తెచ్చిన క్రీము డబ్బా బీరువాలో పట్టుచీరల పక్కన ఉంది. అమ్మమ్మ దాన్ని ఏ పెళ్లికో తీసి, ముఖానికి కందిగింజంత రాసుకుని మళ్లీ దాచేస్తుంది. "కాళ్లకి రాసుకోవచ్చు కదా అమ్మమ్మా" అంటే, "అంత ఖరీదైంది కాళ్లకా!" అంది.

అప్పుడు ఆ డబ్బానీ, మెడికల్ షాపులో కొన్న గ్లిజరిన్ సీసానీ, పెట్రోలియం జెల్లీ డబ్బానీ పక్కపక్కన పెట్టుకుని వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. అర్థం కానివి పుస్తకాల్లో వెతికాను. మీ ఇళ్లలోనూ అమ్మమ్మో, నాయనమ్మో, యాభై దాటిన అమ్మో ఉంటారు కాబట్టి, తెలుసుకున్నది రాస్తున్నాను.

చర్మం ఎందుకు ఎండిపోతుంది?

చర్మం పై పొరను ఇటుక గోడతో పోలుస్తారు. చనిపోయిన కణాలు ఇటుకలు. వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం లాంటిది. ఆ కొవ్వులో సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఒంట్లోని నీరు ఆవిరై పోకుండా ఆపేది ఈ గోడే. వయసు పెరిగేకొద్దీ ఈ కొవ్వు తయారవడం తగ్గుతుంది. ముట్లు ఆగిపోయాక ఆడవాళ్లలో ఈస్ట్రోజన్ తగ్గి, చర్మంలో ఊరే నూనె కూడా తగ్గుతుంది. గోడకి బీటలు పడినట్టే. అందుకే గోదారి ఒడ్డున, గాలిలో ఇంత తేమ ఉన్న ఊళ్లో కూడా పెద్దవాళ్ల కాళ్లు పగులుతాయి.

దానికి మన అలవాట్లు కూడా తోడవుతాయి. పొగలు కక్కే వేడినీళ్ల స్నానం ఉన్న కాస్త కొవ్వునీ కడిగేస్తుంది. మామూలు సబ్బు క్షారగుణం కలది, దాని పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. చర్మానిది 5 దగ్గర. సున్నిపిండి పెట్టి గట్టిగా రుద్దినా అంతే. అది వయసు పిల్లల జిడ్డు చర్మానికి సరిపోవచ్చు, అమ్మమ్మ కాళ్లకి కాదు.

మూడు పనులు చేసే దినుసులు

మంచి మాయిశ్చరైజర్ మూడు పనులు చేయాలి.

మొదటిది నీటిని పట్టి ఉంచడం. ఇందులో పాతదీ, చవకైనదీ గ్లిజరిన్. 1779లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త దీన్ని ఆలివ్ నూనె నుంచి తీశాడు. యూరియా కూడా ఈ పనే చేస్తుంది. 5 నుంచి 10 శాతం ఉంటే తేమ నిలుపుతుంది, అంతకు బాగా ఎక్కువైతే మడమల మీది మందపాటి చర్మాన్ని మెత్తబరిచి ఊడదీస్తుంది. చీలిన చోట రాస్తే మాత్రం మండుతుంది. ఇప్పుడు ప్రకటనల్లో మోగిపోతున్న హయలురోనిక్ ఆమ్లం కూడా ఈ జట్టులోదే.

రెండోది బీటలు పూడ్చి నునుపు చేయడం. సెరమైడ్లు, షియా వెన్న, కొబ్బరినూనె, స్టియరిక్ ఆమ్లం ఈ పని చేస్తాయి. షియా వెన్నను ఫ్రెంచివాళ్లు కారితే అంటారు. అది పశ్చిమ ఆఫ్రికా చెట్టు గింజల నుంచి వస్తుంది.

మూడోది మూత వేయడం. లోపలికి వచ్చిన నీరు మళ్లీ బయటికి పోకుండా ఆపాలి. ఈ పనిలో పెట్రోలియం జెల్లీని మించింది దాదాపు లేదు. 1872లో ఛీస్‌బ్రో అనే ఆయన అమెరికాలో దీనికి పేటెంటు తీసుకున్నాడు. గొర్రె ఉన్ని నుంచి వచ్చే లానోలిన్, డైమెథికోన్, మినరల్ ఆయిల్ కూడా మూతలే. లానోలిన్ కొంతమందికి పడదు.

ఉత్త గ్లిజరిన్ నేరుగా రాస్తే జిగురుగా ఉండి, ఒక్కోసారి మంట పెడుతుంది. దాంట్లో రెండు మూడింతలు నీళ్లు కలిపి రాసి, పైన మూత వేయాలి. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

డబ్బా వెనక చదవడం

దినుసులను ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాస్తారు. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవి మాత్రం చివర్లో ఏ వరసలోనైనా ఉండొచ్చు. ఫ్రాన్సు డబ్బా మీద ముందు "ఆక్వా" అని ఉంది, అంటే నీళ్లు. తర్వాత గ్లిజరిన్. ఆ తర్వాత "పారఫినుమ్ లిక్విడుమ్" అని గంభీరమైన లాటిన్ పేరు, చూస్తే అది మినరల్ ఆయిలే! డబ్బా ముందు బొమ్మ వేసిన పువ్వు ఎక్కడుందా అని వెతికితే చిట్టచివర, పరిమళం పక్కన దొరికింది. క్రీము చెడ్డదని కాదు, మంచిదే. కానీ అందులో పని చేసేవి మన మెడికల్ షాపులోనూ తక్కువ ధరకే ఉన్నాయి.

పెద్దవాళ్ల పొడి చర్మానికి పరిమళం లేనిది తీసుకోవాలి. ఆల్కహాల్ డినాట్ అని పైవరసలో ఉంటే వద్దు, అది ఎండగొడుతుంది. సిటైల్ ఆల్కహాల్, సిటియరైల్ ఆల్కహాల్ అని ఉంటే భయపడక్కర్లేదు. అవి మైనం లాంటివి, మెత్తబరుస్తాయి. ముడతలకని అమ్మే రెటినాల్ వేరే సంగతి, ఎండిన చర్మాన్ని అది ఇంకా రేపొచ్చు.

దురద తగ్గుతుందని ఎవరో చెప్పారని స్టెరాయిడ్ ట్యూబులు కొనొద్దు. నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది అందుకే.

ఎప్పుడు, ఎలా?

మనకి నూనె రాసుకుని తలంటు పోసుకోవడం అలవాటు. రాసిన నూనెని సున్నిపిండితో మళ్లీ తీసేస్తాం. పొడి చర్మానికి స్నానం తర్వాత రాయడం ముఖ్యం. గోరువెచ్చని నీళ్లతో పోసుకుని, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చెమ్మ ఆరకముందే, అంటే రెండు మూడు నిమిషాల్లోపే రాయాలి. పిసినారితనం పనికిరాదు, కాలంతా పట్టేటట్టు రాయాలి. పడుకునేముందు ఇంకోసారి.

రెండు జాగ్రత్తలు. పాదాలకి రాశాక మేజోళ్లు వేయాలి, లేకపోతే జారిపడతారు. నూనె, జెల్లీ బాగా ఇంకిన బట్టలు తొందరగా అంటుకుంటాయి, పొయ్యి దగ్గరా దీపం దగ్గరా భద్రం.

ఎన్ని రాసినా దురద తగ్గకపోతే, పుండు పడితే, డాక్టరుకి చూపించాలి. షుగరు, థైరాయిడ్, కిడ్నీ జబ్బుల్లో కూడా ఒళ్లు ఇలాగే ఎండి దురద పెట్టొచ్చు. షుగరు ఉన్నవాళ్లకి మడమ పగులు చిన్నది కాదు. అమ్మమ్మకీ రక్తపరీక్ష చేయించాం. ఏమీ లేదన్నారు.

రెండు వారాలకి చారలు మానాయి. అమ్మమ్మ ఇప్పుడు తెల్లారేదాకా నిద్రపోతోంది. గ్లిజరిన్ నీళ్లు, పైన జెల్లీ, అంతే వైద్యం. ఫ్రాన్సు డబ్బా కూడా బీరువాలోంచి బయటికొచ్చి కిటికీలోకి చేరింది, అయిపోయేదాకా కాళ్లకే.

ఇన్నాళ్లూ ఆ డబ్బా వెనక ఏముందో ఆవిడకి తెలీదు. అక్షరాలు చీమ తలకాయంత, పైగా తెలుగు కాదు. చదవగలిగిన నేను ఎప్పుడూ చదివి చెప్పలేదు. ఈసారి ఇంటికెళ్లినప్పుడు మీవాళ్ల కాళ్లు ఒకసారి చూడండి. తర్వాత డబ్బా తిప్పి, చదివి చెప్పండి.