శనివారం రాత్రికీ ఆదివారం ఉదయానికీ మధ్య

'బ్లూస్' అనగానే చాలామంది విశ్వాసులు మొహం చిట్లిస్తారు. అది సారా కొట్లలో, క్లబ్బుల్లో పెరిగిన సంగీతమనీ, దేవుని మందిరానికీ దానికీ సంబంధమే లేదనీ అనుకుంటారు. కానీ 1950లలో అమెరికాలోని షికాగో నగరంలో, సౌత్‌సైడ్ పేటలో వాయించిన ఒక బ్యాండ్ సభ్యులు ఎక్కడినుంచి వచ్చారో, వారికి తొలి పాట నేర్పిందెవరో ఆరా తీస్తే మనకు దొరికే జవాబు వేరు. అది మడ్డీ వాటర్స్ బ్యాండ్. ఆ తర్వాత ప్రపంచమంతా పేరు పొందినా, మొదట్లో అది ఆ పేటలోని ఫ్యాక్టరీ కార్మికుల కోసం వాయించే స్థానిక బ్యాండే!

20వ శతాబ్దంలో దక్షిణాది రాష్ట్రాల పత్తి చేలనూ, అక్కడి జాతి వివక్షనూ వదిలి సుమారు 60 లక్షల మంది నల్లజాతీయులు ఉత్తరాది నగరాలకు వలస వెళ్లారు. 1943లో మిసిసిపీ నుంచి రైలెక్కి షికాగోలో దిగిన మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్ కూడా వారిలో ఒకడు. తల్లి చిన్నప్పుడే చనిపోతే అమ్మమ్మ పెంచింది. బురదలో ఆడుకునే మనవడికి ఆమె పెట్టిన ముద్దు పేరే 'మడ్డీ', అంటే బురద. స్టోవాల్ అనే తోటలో అతడు ట్రాక్టరు నడిపేవాడు. మౌతార్గాన్ పట్టుకున్న కొత్తలో, నువ్వు సాతాను కోసం వాయిస్తున్నావంటూ అమ్మమ్మ హెచ్చరించిందట! అయినా అతడు ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేవాడు. తన గొంతులోని మూలుగు, వణుకు చర్చి నుంచే వచ్చాయని పెద్దయ్యాక అతడే చెప్పుకున్నాడు.

1954లో ఆ బ్యాండ్‌లో మౌతార్గాన్ వాయించడానికి చేరిన జేమ్స్ కాటన్ తండ్రి, ఆదివారాల్లో బాప్టిస్టు చర్చిలో వాక్యం చెప్పే బోధకుడు. వారమంతా పత్తి చేలో పని. తల్లి మౌతార్గాన్‌పై కోడి కూతనూ, రైలు చప్పుడునూ పలికించేది. రేడియోలో సోనీ బాయ్ విలియమ్సన్ వాయిద్యం వినేదాకా మౌతార్గాన్ అంటే అంతేననుకున్నాడు ఆ కుర్రాడు. పియానో వాయించిన ఓటిస్ స్పాన్ ఇంట్లో తల్లి గిటారు వాయించేది, మారుటి తండ్రి బోధకుడు. బ్యాండ్‌కు పేరు తెచ్చిన పాటలు రాసి, రికార్డింగుల్లో బేస్ వాయించిన విల్లీ డిక్సన్‌కు మాటలో ప్రాస కలపడం నేర్పింది భక్తి పద్యాలు అల్లే తల్లి. శ్రుతి కలిపి పాడటం నేర్పింది ఒక వడ్రంగి మేస్త్రీ. వాళ్లిద్దరూ కలిసి క్రైస్తవ గీతాలు పాడే బృందంలో డిక్సన్ మంద్రస్థాయి పాడేవాడు. లిటిల్ వాల్టర్ దారి మాత్రం వేరు. పన్నెండేళ్లకే ఇల్లు విడిచి వీధుల్లో మౌతార్గాన్ వాయిస్తూ పెరిగాడు. చవక మైకును మౌతార్గాన్‌తో కలిపి గుప్పిట పట్టి, దానితో శాక్సఫోన్‌లాంటి నాదం పలికించాడు.

వీరిలో ఎక్కువమంది సంగీత పాఠశాల ముఖం చూడలేదు. వారి సంగీత పాఠశాల చర్చి బల్లలూ, అమ్మ ఒడీ! ఆనాటి దక్షిణాది నల్లజాతి చర్చిల్లో పాటల పుస్తకాలు తక్కువ, చదవగలిగినవారు ఇంకా తక్కువ. అందుకే పెద్దవాడొకడు ఒక చరణం ఎత్తుకుంటే సంఘమంతా దాన్ని అందుకునేది. మన పల్లె సంఘాల్లోనూ పాట ఇలా నేర్చుకున్నవారెందరో ఉన్నారు. బ్లూస్ కట్టుబడి కూడా ఇదే. గాయకుడు ఒక మాట పాడతాడు, గిటారో మౌతార్గానో దానికి బదులిస్తుంది. అదే మాట మళ్లీ పాడతాడు, మూడో మాటతో ముగిస్తాడు. సంఘం స్థానంలోకి వాయిద్యం వచ్చింది, అంతే తేడా!

మరి చర్చి వారినెందుకు వెలివేసింది? క్లబ్బుల్లో తాగుడు, జూదం, కొట్లాటలు నిజమే. లిటిల్ వాల్టర్ ఒక గొడవలో దెబ్బలు తిని 1968లో 37 ఏళ్లకే కన్నుమూశాడు. కాబట్టి తల్లిదండ్రుల భయంలో అర్థం లేకపోలేదు. కానీ దుర్వ్యసనాన్ని కాదనడం వేరు, దుఃఖాన్ని కాదనడం వేరు. పంట డబ్బు లెక్కల్లో మోసపోయినవాడు, వలసలో ఇల్లు పోగొట్టుకున్నవాడు తన బాధ చెప్పుకునేందుకు ఆదివారం ఆరాధనలో చోటు దొరక్కపోతే శనివారం రాత్రి వెతుక్కుంటాడు. బైబిలులోని 150 కీర్తనల్లో చాలా భాగం మొరలే కదా! 88వ కీర్తన అయితే ఆదరణ మాట లేకుండా చీకటి దగ్గరే ఆగిపోతుంది. దేవుడు దాన్ని కూడా తన గ్రంథంలో ఉంచాడు. కన్నీళ్లకు ఆయన సన్నిధిలో చోటుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అదే షికాగోలో మరొక సంగీతకారుడు ఈ గోడను దాటాడు. పేరు థామస్ డోర్సీ. జార్జియా రాష్ట్రంలో 1899లో ఒక బాప్టిస్టు బోధకుడి ఇంట పుట్టాడు. 1924లో ప్రసిద్ధ బ్లూస్ గాయని మా రెయినీ బ్యాండ్‌కు పియానో వాయించాడు. 1928లో అతడు టాంపా రెడ్‌తో కలిసి చేసిన కొంటె పాట రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. తర్వాత అతడు భక్తి గీతాలవైపు మళ్లాడు. అయితే తన చేతివేళ్లకు తెలిసిన బ్లూస్‌ను వదల్లేదు. ఆ లయతో భక్తి పాటలు కట్టి తీసుకెళ్తే ఎన్నో పెద్ద చర్చిలు గుమ్మంలోనే తిప్పి పంపేశాయి.

1932 ఆగస్టులో డోర్సీ సెయింట్ లూయిస్‌లో ఉజ్జీవ కూటాల్లో ఉండగా టెలిగ్రామ్ వచ్చింది. నిండు గర్భిణి అయిన భార్య నెట్టీ ప్రసవంలో చనిపోయింది. పుట్టిన బాబు కూడా దక్కలేదు. దేవుని మీద అలిగి, ఇక భక్తి పాటలు రాయనే రాయననుకున్న ఆ మనిషి కొన్ని రోజులకే పియానో ముందు కూర్చుని, తన చేయి పట్టుకొని నడిపించమని ప్రభువును వేడుకునే పాట రాశాడు. 'టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్' అనే ఆ పాట ఈనాటికీ ఎందరినో ఆదరిస్తోంది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ అంత్యక్రియల్లో మహాలియా జాక్సన్ పాడింది దాన్నే. బ్లూస్ తెలియని చేతులు ఆ పాటను అలా కట్టగలిగేవా అని మాకనిపిస్తుంది. పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చి అతణ్ని సంగీత నిర్దేశకుడిగా పెట్టుకొని దశాబ్దాలపాటు నిలుపుకుంది. ఒక్క సంఘం తలుపు తీసినందుకు ప్రపంచానికి గాస్పెల్ సంగీతం దక్కింది!

లూకా సువార్త 15వ అధ్యాయంలో చిన్న కొడుకు ఇంటికి రాగానే వాయిద్యాలు మోగాయి, నాట్యం సాగింది. ఆ చప్పుడు విని లోపలికి రానన్నది పెద్ద కొడుకు. ఆ ఇంట సంగీతానికి లోటు లేదు, లోటల్లా అన్నగారి మనసులోనే! మడ్డీ వాటర్స్ 1983లో, విల్లీ డిక్సన్ 1992లో, డోర్సీ 1993లో, జేమ్స్ కాటన్ 2017లో ఈ లోకం విడిచారు. ఎవరి ఆత్మ లెక్క ఏమిటో దేవునికి తెలుసు, ఆ తీర్పు మనది కాదు. మన చేతిలో ఉన్నది మన సంఘంలోని పిల్లల సంగతి.

సండే స్కూల్లో తాళం పట్టిన కుర్రాడు, క్రిస్మస్‌కు కీబోర్డు వాయించిన అమ్మాయి రేపు కాలేజీ బ్యాండ్‌లోనో, సినిమా స్టూడియోలోనో, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో వాయించవచ్చు. వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో, ఎలా ఉన్నారో మన పెద్దలకు తెలుసా? వారి పేరు మన ప్రార్థనలో ఉందా, లేక మన చాడీల్లో ఉందా? తప్పు దారి పడితే ప్రేమతో చెప్పుదాం, హెచ్చరిద్దాం. సెలవులకు ఇంటికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నప్పుడు మాత్రం ముందుకు పిలిచి వాయిద్యం చేతికిద్దాం. తొలి రాగం నేర్పిన తల్లి ఒడి తన కోసం ఇంకా ఖాళీగానే ఉందని ఆ బిడ్డకు తెలియాలి.