కల్పిత గాథల క్రోడీకరణ – ఏజెంటుకు హద్దులు

కంప్యూటర్ ఆటల్లోని కల్పిత ప్రపంచాలకూ చరిత్రలు, వంశావళులు, పురాణాలు ఉంటాయి. 2002లో వెలువడిన 'మారోవిండ్' ఆటలో ఆటగాడు తెరచి చదవగల పుస్తకాలు వందలకొద్దీ ఉన్నాయి. నెరెవార్ అనే వీరుడి మరణాన్ని వాటిలో కొన్ని పరస్పర విరుద్ధంగా చెబుతాయి. ఇటువంటి సామగ్రిని క్రోడీకరించే పనిని నేడు కృత్రిమ మేధ 'ఏజెంటు'కు అప్పగించవచ్చు. ఏజెంటు అంటే జవాబు చెప్పి ఊరుకోక, ఫైళ్లు తెరచి, దిద్ది, సందేశాలు కూడా పంపగల ప్రోగ్రాం.

చిక్కు ఇక్కడే ఉంది. భాషా నమూనాకు యజమాని ఆజ్ఞ, చదివే పాఠం రెండూ ఒకే పదధారగా అందుతాయి. ఒక పాత్ర చరిత్రలో ఎవరైనా 'పాత ప్రతులన్నీ చెరిపివేయి' అని చేరిస్తే, ఆ విధివాక్యం కథలోనిదా, తనకు చెప్పినదా అన్న వివేచనలో ఏజెంటు పొరబడవచ్చు. 2022లో దీనికి 'ప్రాంప్ట్ ఇంజెక్షన్' అని పేరు పెట్టారు. ముందుగా హెచ్చరించి ఉంచడం కొంత మేలే కాని, పూర్తి రక్షణ కాదు.

కనుక కట్టడి అధికారాల్లోనే ఉండాలి. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ వివరించిన కనీసాధికార సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. మూలప్రతులను చదవనివ్వాలి, మార్చనివ్వకూడదు. కొత్త పద్దులు చిత్తుప్రతిలో చేరాలి. మనిషి చూసి ఆమోదించాకే అసలులో కలపాలి. సొంత ఉత్తరాలు, పాస్‌వర్డులు దాని చేతికి అందకూడదు. బయటికి పంపే దారి మూసి ఉంచాలి.

ప్రతి పద్దుకూ ఆకరం, చెప్పినవారి పేరు ఉండాలి. పాఠాంతరాలను కలిపివేయక పక్కపక్కనే ఉంచాలి. హోసూరులోనో బరంపురంలోనో పెద్దల నోటి కథలను సేకరించే విద్యార్థికీ ఇదే పద్ధతి పనికివస్తుంది. ఆటలోని పుస్తకం చెరిగితే మరో ప్రతి దొరుకుతుంది. అవ్వ చెప్పిన కథ చెరిగితే మళ్లీ చెప్పేవారు ఉండకపోవచ్చు.